మా ఊరికి ఏ కెమెరా పట్టుకెళ్లాలి?



కొంచెం పెద్దగానే రాస్తున్నాను, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మొన్న మా హాస్టల్లో ఒక జూనియర్ తమ్ముడు అడిగాడు. "అన్నా, ఎక్కడికైనా వెళ్లినప్పుడు పట్టుకెళ్లడానికి చిన్న మిర్రర్‌లెస్ కెమెరా ఏది బాగుంటాది? లెన్సులు ఏవి కొనాలి?" అని. ఒక మోడల్ పేరు చెప్పి పంపేద్దామనుకున్నాను. నోరు రాలేదు. ఆ కెమెరా కొనడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో ఒకసారి మోసపోయాను. అమ్మకి ఒక అబద్ధం కూడా చెప్పాను. ఇవేవీ చెప్పకుండా మోడల్ పేరు ఒక్కటే చెప్తే వాడు కూడా నేను పడిన గోతిలోనే పడతాడు. అందుకే మొత్తం రాస్తున్నాను.

నాది పెదబయలు మండలంలో ఒక చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాడిని నేనే మొదట. విశాఖ వన్ టౌన్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా డాబా మీద నిలబడితే మూడు కొండలు కనబడతాయి. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. రాత్రిపూట ఓడల కూత వినబడతాది. వచ్చిన కొత్తలో ఆ కూతకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఊరెళ్తే ఆ కూత లేక నిద్ర పట్టదు.

కెమెరా ఆలోచన ఒక టిఫిన్ హోటల్లో మొదలైంది. పూర్ణా మార్కెట్ వైపు వెళ్లే దారిలో ఒక చిన్న హోటల్, గోడకి ఒక క్యాలెండర్. దాని మీద మన వైపు ముసలావిడ ఫొటో. ముక్కుకి నత్తులు, మెడలో పూసలు, మొహం నిండా ముడతలు, వెనకంతా మసక. కింద "గిరిజన మహిళ" అని రాసి ఉంది. అంతే. పేరు లేదు, ఊరు లేదు. పక్క బల్ల మీద కూర్చున్న ఇద్దరు "అబ్బ, ఏం తీసాడ్రా ఫొటో!" అనుకున్నారు. తీసినవాడిని మెచ్చుకున్నారు. ఆవిడ ఎవరని ఎవరూ అడగలేదు.

ఆవిడ మా నానమ్మ కాదు. కానీ అయ్యుండొచ్చు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ సంతలో చూస్తున్నాను. కార్లలో వచ్చేవాళ్లు రోడ్డుకి అటు పక్కన నిలబడి, ఇంత పొడవు లెన్స్ పెట్టి, పసుపు కొమ్ములు అమ్ముకునే మన ఆడవాళ్లని తీసుకుని వెళ్లిపోతారు. ఆ ఫొటో ఒక్కటి కూడా తిరిగి మా ఊరికి రాలేదు. మా నానమ్మకి ఉన్న ఒకే ఒక్క ఫొటో ఆధార్ కార్డు మీదది. అందులో ఆవిడ ఏదో తప్పు చేసి పట్టుబడిన మనిషిలా ఉంటాది.

ఇది ఇవాళ్టి సంగతి కాదని లైబ్రరీలో తెలిసింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసాడు, 1909లో. అప్పుడు మన విశాఖ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచిన మనిషి. ఆ సంపుటాల్లో మన వైపు తెగల సంగతులున్నాయి, ఫొటోలున్నాయి. పేజీలు తిప్పుతూ పోతే తెగ పేరు కనబడతాది, మనిషి పేరు కోసం వెతుక్కోవాలి. వంద సంవత్సరాలు దాటినా హోటల్ గోడ మీద క్యాలెండర్‌లో అదే పద్ధతి.

సరే, కెమెరా సంగతికి వస్తాను.

వన్ టౌన్‌లోనే ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర ఆదివారాలు, ముహూర్తాల రోజులు లైట్ పట్టుకునే పనికి కుదిరాను. రోజుకి ఆరు వందలు, భోజనం. ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఆయనది డీఎస్ఎల్ఆర్ కాలం చేయి. కానన్ 5డీ మార్క్ 3 బాడీ, దానికి 24-70 ఒకటి, 70-200 ఒకటి. సంచీ మోసేది నేనే. ఒకరోజు ఆ లెక్క చూసాను. బాడీ 950 గ్రాములు, 24-70 ఎనిమిది వందల పైన, 70-200 దాదాపు కేజీన్నర. మొత్తం మూడు కేజీల పైమాట. కల్యాణ మండపంలో అయితే పర్వాలేదు. నేను ఊరెళ్లాలంటే కాంప్లెక్స్ నుంచి పాడేరు బస్సు, పాడేరు నుంచి జీపు, జీపు దిగాక నాలుగు కిలోమీటర్ల నడక. భుజాన బియ్యమో, ఉల్లిపాయలో ఎలాగూ ఉంటాయి. ఆ పైన మూడు కేజీల కెమెరా అంటే, అది సంచీలోంచి బయటికి రాదు. బయటికి రాని కెమెరా ఎంత గొప్పదైనా దండగే.

మిర్రర్‌లెస్ ఎందుకు చిన్నదో మాస్టారే చెప్పారు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌కీ సెన్సార్‌కీ మధ్య ఏటవాలుగా ఒక అద్దం ఉంటాది. లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మని అది పైకి, మన కంటికి పంపిస్తాది. ఫొటో తీసే క్షణంలో టపీమని లేస్తాది. ఆ అద్దానికి చోటు కావాలి కాబట్టి కానన్ డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ బిగించే చోటు నుంచి సెన్సార్‌కి 44 మిల్లీమీటర్లు. అద్దం తీసేసిన సోనీలో అదే దూరం 18 మిల్లీమీటర్లు. అందుకే బాడీ పలచన. సెన్సార్ చూసిందే మనకి తెర మీద కనబడతాది. ఫొటో తెల్లబారిపోతోందా, నల్లబడిపోతోందా అన్నది నొక్కకముందే తెలిసిపోతాది. నేర్చుకునేవాడికి ఇది పెద్ద సాయం. ఇలాంటివి 2008లో పానాసోనిక్ జీ1తో మొదలయ్యాయి, కాబట్టి ఇప్పటికి సెకండ్‌హ్యాండ్‌లో బోలెడన్ని దొరుకుతున్నాయి.

కొత్తవి కూడా చూసాను. సోనీ జెడ్‌వీ-ఈ10, కానన్ ఆర్50, నికాన్ జెడ్30. మూడూ చిన్నవే, బ్యాటరీతో కలిపి నాలుగు వందల గ్రాముల అటూ ఇటూ. మూడింట్లోనూ 4కే వీడియో ఉంది. వీడియోలు ముఖ్యమైతే, చేతిలో డబ్బుంటే అవే చూసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి. జెడ్‌వీ-ఈ10కీ, జెడ్30కీ కన్ను పెట్టి చూసే కిటికీ ఉండదు. వెనక తెర ఒక్కటే. మన కొండ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ తెర మీద ఏమీ కనబడదు. ఆర్50కి ఆ కిటికీ ఉంది. నా చేతిలో ఉన్నది మాత్రం ఇరవై మూడు వేలు. అందుకని 2014లో వచ్చిన సోనీ ఏ6000, దానితో వచ్చే 16-50 చిన్న జూమ్, రెండూ కలిపి పాతది 22,500కి కొన్నాను. అమ్మినాయన ఇంకో ఫొటోగ్రాఫర్, కొత్తది కొనుక్కుని దీన్ని అమ్మేసాడు. 24 మెగాపిక్సెల్స్. బాడీ 344 గ్రాములు, లెన్స్ 116. రెండూ కలిపి అరకేజీ లేదు. లోపాలున్నాయి. మైకు పెట్టుకునే రంధ్రం లేదు, తెర మీద వేలితో నొక్కితే పని చెయ్యదు, చేయి వణుకుని ఆపే ఏర్పాటు బాడీలో లేదు. కానీ ఫొటోకి లోటు లేదు. ఆ డబ్బు పూర్తిగా నా లైట్ పట్టుకున్న డబ్బు. ఏడాదిన్నర.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

యూట్యూబ్‌లో ఎవరిని చూసినా "కిట్ లెన్స్ పారేయండి, ప్రైమ్ కొనండి, వెనకంతా మసకైపోతాది" అంటారు. నాకూ ఆ మసక పిచ్చి పట్టింది. సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 అనే లెన్స్ మీద మనసు పడింది. ఒకాయన ఫోన్‌లో తొమ్మిది వేలకి ఇస్తానన్నాడు. మామూలుగా పాతది దొరికే ధర కంటే బాగా తక్కువ. చేతిలో ఐదు వందలు లేవు. అమ్మకి ఫోన్ చేసి కోచింగ్ ఫీజు కట్టాలని చెప్పాను. ఫిబ్రవరి అది. కాఫీ గింజలు అమ్మిన డబ్బు అప్పుడే చేతికొచ్చింది. ఇంటి మీద రెండు రేకులు మార్చాలని దాచుకున్న డబ్బు అది, నాకు తెలుసు. అమ్మ ఒక్క మాట అడగలేదు. పక్కింటి అన్న ఫోన్ నుంచి పంపించేసింది.

రాణి బొమ్మ దగ్గర, సాయంత్రం ఆరున్నరకి, బండి మీదే కూర్చుని ఆయన లెన్స్ ఇచ్చాడు. వీధి లైటు వెలుగులో చూసాను, మెరుస్తోంది. డబ్బు పంపించాను. మర్నాడు మాస్టారు దాన్ని పట్టుకుని, ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, "ఏట్రా ఇది, సాలెగూడు కొనుక్కొచ్చావు" అన్నారు. లోపలి అద్దం మీద ఒక మూల నుంచి సన్నటి దారాలు పాకి ఉన్నాయి. ఫంగస్. సముద్రం పక్క ఊళ్లో ఏడాదంతా గాలిలో తడి ఉంటాది. బీరువాలో నెలల తరబడి పడేసిన లెన్స్‌కి ఇది పడతాది. ముదిరితే అద్దం పైపూతని తినేస్తాది, తుడిచినా మచ్చ పోదు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంక ఎప్పుడూ స్విచాఫే.

ఆ రాత్రి డాబా మీద కూర్చుని ఒకటే అనుకున్నాను. అమ్మకి చెప్పకూడదు. ఎలాగోలా డబ్బు పోగేసి ఇంకో లెన్స్ కొనేసి, ఇది నీళ్లలో పడేసి, మర్చిపోవాలి.

ఏప్రిల్లో ఇటుకల పండగకి ఊరెళ్లాను. మన వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, తెలియని తమ్ముళ్లుంటే చెప్తున్నాను. చైత్రంలో వచ్చే పండగ. మగవాళ్లు వేటకి వెళ్తారు, ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు అడుగుతారు, రాత్రి థింసా. ఊళ్లో లేనివాళ్లు కూడా వస్తారు. ఫొటోలకి ఇంతకంటే మంచి రోజులు దొరకవు.

మొదట నానమ్మని తీసాను. నేను నేర్చుకున్నదంతా చూపించాను. బాగా దగ్గరగా, మొహం ఒక్కటే, కళ్లు స్పష్టంగా, వెనక ఇల్లంతా మసక. నా మటుకు నాకు అద్భుతంగా వచ్చింది. తెర మీద చూపించాను. ఇంట్లో మేం మాట్లాడేది ఆదివాసీ ఒడియా, ఆవిడ అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"సగం మనిషినే తీసావేటి? కాళ్లేవి? ఇల్లేది? మేక ఏది?"

నేను ఏం చెప్పాలో తెలీక నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మళ్లీ తియ్యమంది. గుమ్మం ముందు నిలబడి, మేకని తాడు పట్టి పక్కన నిలబెట్టుకుని, చీర సరిచేసుకుని, మా చెల్లిని కూడా పిలిచింది. అదంతా రావాలంటే ప్రైమ్ సరిపోలేదు. యూట్యూబ్‌వాళ్లు పారేయమన్న చిన్న జూమే బిగించి, 16 దగ్గర పెట్టి తీసాను. అందరూ వచ్చారు. వెనక తాటాకు పందిరి, పైన తుప్పు పట్టిన రేకులు కూడా వచ్చాయి. అప్పుడు ఒప్పుకుంది.

తర్వాత ఊళ్లో ఎవరిని తీసినా అదే కోరిక. తల నుంచి కాళ్ల దాకా రావాలి, ఇల్లు రావాలి, పిల్లలు రావాలి, కొత్త బండి ఉంటే బండి రావాలి. ఎవరికీ మసక అక్కర్లేదు. ఆలోచిస్తే న్యాయమే. ఆ క్యాలెండర్‌లో ముసలావిడ వెనక మసకైపోయింది ఆవిడ ఊరే కదా. నేను కూడా మా నానమ్మకి మొదటి ఫొటోలో అదే చేసాను, పైగా గర్వపడ్డాను.

అలాగని ప్రైమ్ దండగా అంటే కాదు. ఆ రాత్రి తెలిసింది. మా ఇంట్లో పొయ్యి మూల ఎప్పుడూ చీకటే. అమ్మ అక్కడే సగం జీవితం గడుపుతాది. ఆ వెలుగులో చిన్న జూమ్ ఏమీ చెయ్యలేకపోయింది. ఎందుకో చెప్తాను, లెన్స్ కొనేటప్పుడు ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు. లెన్స్ మీద ఎఫ్ పక్కన ఉన్న అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది. 5.6 నుంచి 4, 4 నుంచి 2.8, 2.8 నుంచి 2, 2 నుంచి 1.4. ఒక్కో మెట్టు దిగితే వెలుగు రెండింతలు. చిన్న జూమ్‌ని చివరిదాకా లాగితే 5.6. ప్రైమ్ 1.4. నాలుగు మెట్లు. రెండు రెట్లు నాలుగు సార్లు, అంటే పదహారు రెట్లు వెలుగు. పగలు బయట దీంతో పని లేదు. పొయ్యి దగ్గర ఇదే ప్రాణం.

ఆ బూజు పట్టిన లెన్సే బిగించాను. ఐఎస్ఓ 3200, షట్టర్ 60వ వంతు. అమ్మ గొట్టంతో మంట ఊదుతోంది. ఫొటో వచ్చింది. మంట చుట్టూ పొగలాగా ఒక తెల్లటి వలయం కూడా వచ్చింది. వెలుగు నేరుగా లెన్స్‌లో పడితే ఫంగస్ అలా చేస్తాది. అమ్మకి చూపిస్తే "ఇదేటి, మంట చుట్టూ?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. పొగ అని చెప్పొచ్చు. ఎందుకో చెప్పలేకపోయాను. మొత్తం చెప్పేసాను. కోచింగ్ లేదు, ఫీజు లేదు, తొమ్మిది వేలు ఈ గాజు ముక్కకి పెట్టాను, ఇది కూడా పాడైనది, అమ్మినవాడు దొరకడు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గొట్టం పక్కన పెట్టింది. లెన్స్ ఇమ్మంది. పొయ్యి వెలుగుకి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసుకుని చూసింది. ఆ దారాలు కనబడ్డాయి.

"ఇది బూజే కదా. కాఫీ గింజ సరిగ్గా ఎండబెట్టకుండా మూట కడితే ఇలాగే పడతాది. కొనేవాడు మూట విప్పి, లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి. నువ్వు మూట పైన చూసి కొనేసావు."

అంతే అంది. తిట్టలేదు. కొంతసేపటికి పైకి చూసి "వానలకి ముందు రేకు వెయ్యాలి" అంది. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

మే నెలంతా మాస్టారి దగ్గర ఒక్క ముహూర్తం వదల్లేదు. జూన్‌లో రెండు రేకులు కొని పాడేరు నుంచి జీపు మీద కట్టించుకుని వెళ్లాను. అదే సంచీలో యాభై నాలుగు ఫొటోలు ఉన్నాయి. వన్ టౌన్‌లోనే ప్రింట్ వేయించాను, మాస్టారు నా దగ్గర కాగితం ఖర్చు మాత్రమే తీసుకున్నారు. ప్రతి ఫొటో వెనక బాల్ పెన్నుతో పేరు, ఊరు, తేదీ రాసాను. అందరి పేర్లూ నాకు తెలుసుగా, అడగక్కర్లేదు. రాస్తున్నప్పుడు మాత్రం చెయ్యి ఒకటి రెండుసార్లు ఆగింది. థర్‌స్టన్‌కి ఈ పని చెయ్యడానికి ఎంతసేపు పట్టేది?

ఊళ్లో ఒక పిన్ని ఏప్రిల్లో ఫొటోకి ఒప్పుకోలేదు. "తీసుకెళ్తారు, మళ్లీ మొహం చూపించరు" అంది. నన్నే అంది, సొంత ఊరివాడిని. నేను తియ్యలేదు. జూన్‌లో అందరూ ఫొటోలు చేతులు మార్చుకుని చూసుకుంటుంటే వచ్చి, కాసేపు నిలబడి, "నాకు లేదా?" అని అడిగింది. ఆ సాయంత్రమే తీసాను, కాళ్ల దాకా. ఆ ప్రింట్ ఇప్పుడు నా పుస్తకంలో ఉంది, దసరాకి ఇస్తాను.

ఇంక తమ్ముడు అడిగినదానికి సూటిగా.

బాడీ పాతదైనా పర్వాలేదు. మిగిలిన డబ్బు లెన్స్‌కి, రెండో బ్యాటరీకి, ప్రింట్లకి ఉంచుకోండి. ఏ6000 బ్యాటరీకి మూడు వందల అరవై ఫొటోలు అని కంపెనీ లెక్క. మన దగ్గర కరెంటు పోతే రెండు రోజులు రాదు. ఇది మైక్రో యూఎస్‌బీతో ఛార్జ్ అవుతాది, పవర్ బ్యాంక్ ఉంటే గండం గడుస్తాది.

లెన్సులు రెండు చాలు. కెమెరాతో వచ్చే చిన్న జూమ్ ఒకటి. దాన్ని ఎవరు పారేయమన్నా వినకండి. చీకటిళ్ల కోసం, రాత్రి థింసా కోసం ఎఫ్/1.4 గానీ ఎఫ్/1.8 గానీ ఒక ప్రైమ్. 30 ఎంఎం చుట్టుపక్కల తీసుకోండి, 50 అయితే మన చిన్న గదుల్లో గోడకి వీపు ఆనినా మనిషి పట్టడు. ఈ చిన్న సెన్సార్ల మీద సోనీ, నికాన్, ఫ్యూజీలో లెన్స్ అంకెని ఒకటిన్నరతో హెచ్చించాలి, కానన్‌లో 1.6తో. అంటే సోనీ మీద 30 అంటే 45 లాగా కనబడతాది.

పొడవు జూమ్, 55-210 లాంటిది, పిట్టల కోసమైతే కొనండి. మనుషుల కోసం వద్దని నా మాట. మాస్టారు కొనమన్నారు, నేను కొనలేదు. సంతలో రోడ్డుకి అటు పక్క నుంచి లాగేవాళ్లు వాడేది అదే. 30తో తియ్యాలంటే మూడు అడుగుల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లి పలకరించకుండా తియ్యలేం. ఏ6000 తెర పైకి లేస్తాది కూడా. పొట్ట దగ్గర పట్టుకుని, మాట్లాడుతూ తీయొచ్చు. మన మొహం వాళ్లకి కనబడతాది.

పాత లెన్స్ కొంటే పగలే కొనండి. రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, లెన్స్‌ని అటూ ఇటూ తిప్పి చూడండి. దారాల్లా గానీ, పొగమంచులా గానీ కనబడితే ఎంత చవకైనా వదిలెయ్యండి. అక్కడే బిగించి నాలుగు ఫొటోలు తీసి చూసాకే డబ్బివ్వండి. హాస్టల్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా కొని, సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. బట్టల మధ్య చుట్టి పెట్టెలో తోసెయ్యకండి. వారానికోసారైనా బయటికి తీసి వాడండి. వన్ టౌన్‌లో ఉండేవాళ్లకి ఇంకొక మాట. కిటికీ గట్టు మీద వేలు పెడితే నల్లగా అవుతాది కదా, ఆ దుమ్ము సెన్సార్ మీదకి కూడా పోతాది. ఈ కెమెరాల్లో లెన్స్ తీస్తే సెన్సార్ ఎదురుగా ఉంటాది, అడ్డం అద్దం లేదు. కాబట్టి రోడ్డు మీద లెన్స్ మార్చకండి. గదిలో, ఫ్యాన్ ఆపి, కెమెరా మూతి కిందికి పెట్టి మార్చండి.

ఇంకొకటి, మన రంగు గురించి. మొహం తెల్లగా, నున్నగా చేసే మోడ్ ఏదున్నా మొదటిరోజే ఆపెయ్యండి. మా చెల్లి ఫోన్‌లో నానమ్మని తీస్తే ముడతలు పోయి, పిండి రాసినట్టు వచ్చింది. ఇది ఫోన్లతో మొదలైంది కాదు. ఒకప్పుడు కోడాక్ కంపెనీ ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి పంపే కార్డు మీద తెల్ల అమ్మాయి బొమ్మ ఉండేది, షర్లీ కార్డు అనేవారు. ఆ చర్మం బాగా వస్తే ఫొటో బాగా వచ్చినట్టు లెక్క. కెమెరా తన లెక్కలో అన్నిటినీ మధ్యరకం బూడిద రంగు చెయ్యాలని చూస్తాది. వెనక తెల్లటి ఆకాశం ఉంటే మన మొహం బొగ్గయిపోతాది. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచండి. అదే చీకటి ఇంట్లో నల్లటి గోడ ముందు మనిషిని తీస్తే, కెమెరా ఎక్కువ వెలుగు లాగి మొహాన్ని పాలిపోయినట్టు చేస్తాది. అప్పుడు అర మెట్టు తగ్గించండి. తెర మీద చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషి ఎలా ఉన్నారో అలా వచ్చేదాకా తిప్పండి. మాస్టారి షాపులో పెళ్లికూతుళ్లని తెల్లగా చేసే పని నాదే, రోజుకి ఎంతమందిని చేస్తానో. ఊరి ఫొటోల మీద మాత్రం ఆ పని ఒక్కసారి కూడా చెయ్యలేదు.

టూర్ అంటే అందరూ మనూళ్లకే వస్తున్నారు. అరకు రైలుకి అద్దాల బోగీ కూడా వేసారు. మనకి ప్రయాణం అంటే హాస్టల్ నుంచి ఇంటికి. దానికి కావలసిన కెమెరా వేరు, అందుకే ఇంత రాయాల్సి వచ్చింది.

ఆ బూజు లెన్స్ నీళ్లలో పడెయ్యలేదు. సిలికా జెల్ డబ్బాలో విడిగా, మంచి లెన్స్‌కి అంటకుండా దాచాను. అమ్మ పొయ్యి ఫొటో దానితో తీసిందే. అమ్మ ప్రింట్ మాత్రం గోడకి పెట్టనివ్వలేదు. బియ్యం డబ్బా మూత లోపల అంటించుకుంది. "తొమ్మిది వేల ఫొటో, ఎలకలు కొట్టెయ్యగలవు" అంది.

పండగలకి ఊరెళ్లే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కెమెరా కావాలంటే అడగండి, నాకు ముహూర్తాలు లేని రోజుల్లో ఇస్తాను. అద్దె లేదు. రెండే షరతులు. అడిగి తియ్యాలి. ప్రింట్ వెనక పేరు రాసి, తీసిన మనిషి చేతికి ఇచ్చి రావాలి.

జోహార్.